డిస్టార్షన్ పెట్టి వివాల్డీ వాయిస్తే తప్పా?

శ్రుతి లయలు: పాఠకుల సందేహాలకు హన్మకొండ వయొలిన్ మాస్టారి జవాబులు

ప్రశ్న: సార్, మాది కాజీపేట. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నా. మూడేళ్ల నుంచి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నా. ఇటలీ స్వరకర్త వివాల్డీ 'నాలుగు రుతువులు'లో వేసవి చివరి భాగాన్ని మెటల్ (గట్టి రాక్ సంగీతం) లెక్క, నిమిషానికి 160 బీట్ల మీద వాయిస్తా. మా తాత వయొలిన్ నేర్చుకున్న మనిషి. "సంగీతాన్ని రోట్లె వేసి దంచుతున్నవురా" అంటడు. దోస్తులేమో వీడియోలు తీసుకుంటరు. రికార్డు చేసి వింటే నాకే గజిబిజిగా ఉంది. తాత మాట నిజమేనా? త్యాగరాజ కీర్తన కూడా ఇట్ల వాయించొచ్చా?

జవాబు: బిడ్డా, వివాల్డీ ఆ భాగాన్ని నెమ్మదిగా వాయించమని రాయలేదు. 1725లో అది అచ్చయినప్పుడు ఒక్కో రుతువుకు ఒక్కో పద్యం కూడా జత చేశారు. వేసవి పద్యం చివర ఉరుములు, మెరుపులు, వడగళ్లు. ఏపుగా నిలబడ్డ గోధుమ కంకులు తెగి పడిపోతాయి. ఆ భాగం నెత్తిన 'ప్రెస్టో' అని రాసి ఉంటుంది, అంటే చాలా వేగంగా అని. ఏప్రిల్‌లో మన దగ్గర రాళ్లవాన పడితే ఎట్లుంటదో నీకు చెప్పాలా? మామిడికాయలు రాలిపోతాయి, కల్లంలో ఆరబోసిన వడ్లు తడిసి ముద్దవుతాయి, ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద పరదాలు కప్పడానికి రైతులు ఉరుకుతారు. ఆ చప్పుడును వివాల్డీ వయొలిన్లతో పట్టాడు, నువ్వు డిస్టార్షన్‌తో, అంటే ఎలక్ట్రిక్ గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే పద్ధతితో, పట్టాలని చూస్తున్నావు. అందులో తప్పు లేదు. పంట పోతున్నవాడి భయం మాత్రం వినపడాలి.

ఈ దారిలో నీకంటే ముందు నడిచినవాళ్లున్నారు. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని వయొలిన్ కోసం రాసిన 24 కాప్రిస్‌లు (చిన్న రచనలు) 1820లో అచ్చయ్యాయి. పగనీనిని, జర్మన్ స్వరకర్త బాహ్‌ను ఇష్టపడి పెరిగిన స్వీడన్ గిటారిస్టు యింగ్వీ మాల్మ్‌స్టీన్ 1984లో 'రైజింగ్ ఫోర్స్' ఆల్బమ్‌తో ఆ వయొలిన్ పరుగును మెటల్‌లోకి తెచ్చాడు. అతని వేగం కంటే అతని గిటార్ మెడ నన్ను ఎక్కువ కట్టిపడేసింది. మెట్టుకూ మెట్టుకూ నడుమ చెక్కను గుంటగా తొలిచి ఉంటుంది. వేలు చెక్కను తాకదు, తీగనే పట్టుకుంటుంది. మన వీణ మీద 24 మెట్లను మైనంలో ఎత్తుగా నిలబెట్టడం వల్ల కూడా జరిగేది ఇదే. తీగను లాగి గమకం (స్వరం ఊపు) పలికించడానికి వేలికి చోటు దొరుకుతుంది. ఆ గిటార్ ఫొటో మొదటిసారి చూసినప్పుడు మా గురువుగారి ఇంట్లో గోడవారగా ఉండే వీణ గుర్తొచ్చి చాలాసేపు అట్లే చూస్తూ కూర్చున్నాను.

ఇక నీ గజిబిజి. మీ తాతకు రోటి చప్పుడు వినపడింది దీనివల్లేనని నా అనుమానం. డిస్టార్షన్ పెద్ద ధ్వని తలను కోసేసి, చిన్న ధ్వనిని దాని పక్కకు ఎత్తి నిలబెడుతుంది. అందుకే మీటిన స్వరం వెంటనే ఆరిపోక, కమాను లాగినట్టు సాగుతుంది. వయొలిన్ పాటలు మెటల్ గిటార్ మీద అంత బాగా కూర్చోవడానికి కారణం ఇదే. కానీ పక్క తీగ వణుకు, వేలు జారిన గీకుడు, పొరపాటున తగిలిన తీగ, అన్నీ కూడా అసలు స్వరంతో సమానంగా మోగుతాయి. గెయిన్‌ను (డిస్టార్షన్ ఎంతన్నది నిర్ణయించే మీటను) సగానికి దించు. కుడి అరచేతి అంచును బ్రిడ్జి (తీగలు ఆనుకునే పట్టీ) దగ్గర వాడని తీగల మీద ఆనించు. స్వీప్ చేసేటప్పుడు, అంటే ఒకే ఊపులో తీగలన్నీ వరసగా మీటేటప్పుడు, పలికిన స్వరం మీది వేలిని వెంటనే సడలించు. లేదంటే ఒకదాని వెనక ఒకటి రావాల్సిన స్వరాలన్నీ ఒక్క కుప్పగా మోగుతాయి. నీ వెనక వాయించే గిటార్‌ను స, ప రెండే పట్టమను. వాటి కంపనాలు 2:3 లెక్కలో ఉంటాయి కాబట్టి ఆ గరుకులోనూ కలిసి నిలబడతాయి. గాంధారం కూడా చేర్చావో, గరగర మొదలవుతుంది.

వేగం సంగతి. 160 బీట్లకు బీటుకు నాలుగు స్వరాలంటే నిమిషానికి 640, సెకనుకు పదికి పైనే. అంత వేగంలో ఏ స్వరం మింగావో నీ చెవికే తెలియదు. నాకు 22 ఏళ్లప్పుడు దసరా నవరాత్రుల్లో ఒక మండపంలో 'రఘువంశ సుధాంబుధి' వాయించాను. జనం చప్పట్లు కొడుతుంటే ఉత్సాహం ఆగక చిట్టస్వరాన్ని (కీర్తనలో వాయించే స్వరాల వరుసను) ఉరికించాను. కచేరీ అయ్యాక మృదంగం వాయించిన పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "నాలుగు స్వరాలు మింగినవ్ బిడ్డా, నేను లెక్కపెట్టిన" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి సరళీ స్వరాల (మొదట నేర్చుకునే పాఠాల) దగ్గర మళ్లీ మొదలుపెట్టాను.

నువ్వూ అట్లే చెయ్యి. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను 160కి ఎక్కించే ముందు 60 దగ్గర ఉంచు, దాన్ని కదపకు. తాళం మారదు. అదే బీటులో ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. మన మూడు కాలాలు ఇవే. కాలు తాళం వేస్తుండగా నోటితో 'తకధిమి' అనాలి, చేయి మీటాలి. మూడూ ఒకచోట కలిస్తేనే బీటు పెంచు. డిస్టార్షన్ తీసేసి, క్లీన్ టోన్‌లో రికార్డు చేసుకొని విను. అక్కడ తేటగా వినపడనిది డిస్టార్షన్‌లో అసలే వినపడదు.

త్యాగరాజ కీర్తన అడిగావు. వాయించొచ్చు, కానీ ఏదంటే అది కాదు. పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ మెట్లున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలతో సహా కర్ణాటక సంగీతం పలికించి చూపించారు. కాబట్టి వాద్యం అడ్డం కాదు. మెటల్ గిటారిస్టులు ఎక్కువగా వాడే హార్మోనిక్ మైనర్ అనే స్వరాల వరుసే మన కీరవాణి రాగం స్వరాలు. త్యాగరాజు 'కలిగియుంటే గదా' ఆ రాగంలోనే ఉంది, నీ వేళ్లకు తెలిసిన దారే. అయితే ముందు సాహిత్యం నోటికి రావాలి. మాట ఎక్కడ విరుగుతుందో తెలియనివాడు స్వరాన్ని కూడా తప్పు చోటే విరుస్తాడు. వేగమే కావాలనుకుంటే కదనకుతూహలం రాగం పట్టు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ 'రఘువంశ సుధ' అందులోదే. స్వరాలు దూకుతూ నడుస్తాయి, గమకం బరువు తక్కువ. తోడి రాగం జోలికి ఇప్పుడే పోకు. అందులో గాంధారం ఒక మెట్టు మీద కుదురుగా నిలబడే స్వరం కాదు, ఊగుతూనే ఉంటుంది. పది స్వరాల వేగంలో ఆ ఊపు చచ్చిపోతుంది, మీ తాత కోపం అప్పుడు న్యాయమే అవుతుంది.

కీరవాణి కీర్తన పల్లవిని మీ తాత దగ్గరే నేర్చుకో. నీ గిటార్‌ను ఆయన శ్రుతికి కలుపు.

ప్రశ్న: మా అమ్మాయి రోజూ మూడు గంటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని గిటార్ సాధన చేస్తుంది. చెవులకు ప్రమాదమా? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: శబ్దం ఎంతన్నదే ముఖ్యం అమ్మా. 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు 8 గంటల వరకు పర్వాలేదని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్కకట్టారు. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. 100 దాటితే పావుగంట కూడా ఎక్కువే. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌లు హెడ్‌ఫోన్ లోపలి శబ్దాన్ని సరిగా చూపవు. సాధన చేస్తుండగా మీరు పక్కన నిలబడి మామూలు గొంతుతో పిలవండి. వినపడకపోతే వాల్యూమ్ తగ్గించమనండి. సాధన తర్వాత చెవుల్లో గుయ్యిమంటుందని చెబితే ఆ రోజుకు ఆపించండి. మళ్లీ మళ్లీ అట్లా అయితే చెవి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: వయొలిన్ పాటలు వాయించాలంటే ఏడు తీగల గిటార్ కొనాలా? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: అక్కర్లేదు. వయొలిన్ అడుగు తీగ 196 హెర్ట్జ్, మామూలు ఆరు తీగల గిటార్ అడుగు తీగ 82. ఏడో తీగ కలిపేది ఇంకా కింది స్వరాలనే, అక్కడ మీకు చోటు మిగిలే ఉంది. ఇబ్బంది పై స్వరాల దగ్గరే వస్తుంది. అందుకే 24 మెట్లున్నది చూసి కొనుక్కోండి.