పాప స్వారీ బూట్లు: ఏ కంపెనీవి కొనాలి?

ప్రశ్న: మా పాపకి 12 ఏళ్లు. నాలుగు నెలలుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది, ఇన్నాళ్లూ స్పోర్ట్స్ షూతోనే వెళ్లింది, ఇప్పుడు కోచ్ గారు రైడింగ్ బూట్లు కొనమన్నారు. డెకథ్లాన్‌లో వాళ్ల సొంత బ్రాండ్ ఫూగాంజా బూట్లు చూశాం. తెలిసినావిడ ఏరియట్ తెప్పించుకోండి అంటున్నారు, మా బావగారేమో కాన్పూర్‌లో పొడుగు బూట్లు కుట్టిద్దాం అంటున్నారు. ధరల్లో చాలా తేడా ఉంది. దేనికి పెట్టొచ్చు?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, బూట్లు ఏవి కొన్నా సరే, ముందు ఆ స్పోర్ట్స్ షూ మాన్పించేయండి. వాటికి హీల్ ఉండదు కాబట్టి పాదం రికాబులోంచి (జీనుకి వేలాడే, కాలు పెట్టుకునే ఇనుప కమ్మీ) ముందుకి జారిపోతుంది, పాప కింద పడితే కాలు అందులోనే ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. రెండు సెంటీమీటర్లకి పైన హీల్, మరీ గాట్లు లేని సోల్, ఈ రెండూ ఉంటేనే అది రైడింగ్ బూటు.

ఇక కంపెనీ సంగతి. 12 ఏళ్ల పిల్లకి ఏడాది తిరిగేసరికి పాదం పెరిగిపోతుంది, పొడుగు బూట్లయితే పిక్క కూడా పట్టదు, అందుకని ఇప్పుడు వాటి జోలికి పోవద్దు. చీలమండ దాకా వచ్చే జోధ్‌పూర్ బూట్లు, పైన పిక్కకి హాఫ్ చాప్స్ (చీలమండ నుంచి మోకాలి కింది దాకా చుట్టుకునే తొడుగులు) చాలు. దీనికి ఫూగాంజా నిక్షేపంగా సరిపోతుంది, షాపుకెళ్లి వేసి చూసుకోవచ్చు, అదే పెద్ద లాభం. మిగిలిన డబ్బు మంచి హెల్మెట్ మీద పెట్టండి.

ఏరియట్ 1993లో మొదలైన అమెరికా కంపెనీ, స్పోర్ట్స్ షూలో ఉండే మెత్తదనం రైడింగ్ బూట్లలోకి తెచ్చింది వాళ్లే, గంటలు గంటలు తొడుక్కున్నా కాలు నొప్పెట్టదు. కానీ బయటినుంచి తెప్పిస్తే కస్టమ్స్, కొరియర్ కలిసి తడిసిమోపెడవుతుంది, సైజు తేడా వస్తే తిరిగి పంపడం ఇంకో తలనొప్పి. పాదం పెరగడం ఆగాక కొనండి, అప్పుడు ఆ ధరకి న్యాయం జరుగుతుంది.

కాన్పూర్‌ని తక్కువగా చూడకండి. బ్రిటిష్ సైన్యం కాలం నుంచీ గుర్రపు జీన్లు, కళ్లేలు చేస్తున్న ఊరు, అక్కడి సరుకు ఇప్పటికీ విదేశాలకి వెళ్తోంది. కాకపోతే ఒక్కో వర్క్‌షాప్‌లో ఒక్కో నాణ్యత, చేత్తో పట్టుకుని చూడకుండా డబ్బు కట్టొద్దు. తోలుని బొటనవేలితో నొక్కండి, సన్నటి ముడతలు పడి మళ్లీ సర్దుకుంటే అసలుది, అంచు దగ్గర గుడ్డ పొర కనిపిస్తే రెగ్జిన్. సోల్ కుట్టిందా, గమ్ముతో అంటించిందా చూడండి, కుట్టిందైతే అరిగాక మార్పించుకోవచ్చు. నేను ఒకసారి చవగ్గా వచ్చాయని రెగ్జిన్ బూట్లు కొన్నాను, రెండు వానాకాలాలు బీరువాలో ఉన్నాయంతే, తీసేసరికి పెచ్చులు పెచ్చులుగా ఊడి చేతికొచ్చాయి, చాలా బాధేసింది.

ముందుముందు పొడుగువి కుట్టిస్తే కొలత ఇలా ఇవ్వండి: రైడింగ్ ప్యాంటు, సాక్సులు వేసి కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు మడిచి, పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపు చుట్టండి, ఎత్తేమో నేల నుంచి మోకాలి వెనక మడత దాకా. కొత్తలో మోకాలి వెనక కాస్త గుచ్చుకుంటుంది, వాడగా వాడగా చీలమండ దగ్గర ముడతలు పడి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, అందుకని ముందే పొట్టిగా చేయించకండి. ఎంత ఖరీదైన బూటుకైనా ముందు పోయేది వెనక జిప్పే, పళ్లలో మట్టి ఎండిపోయి ఇరుక్కుంటుంది, స్వారీ అయిన ప్రతిసారీ పాత టూత్‌బ్రష్‌తో దులిపి, గుర్రం ఒంటికి ఆనుకుని చెమట అంటిన పక్కని తడిగుడ్డతో తుడిచి, నీడలోనే ఆరబెట్టమనండి.