లైఫ్ జాకెట్లకి డబ్బులు ఎక్కడ అడగాలి?

ప్రశ్న: అన్నా, మాది భద్రాచలం దగ్గర గోదారి పక్క ఊరు. 2022 జూలైలో నీటిమట్టం 71.3 అడుగులకి వచ్చినప్పుడు మేం కుర్రాళ్లం 14 మందిమి కలిసి ముసలోళ్లని, పిల్లల్ని నాటు పడవల్లో బయటికి చేర్చాం. ఒక్కడికీ లైఫ్ జాకెట్ లేదు. ఇప్పుడు పద్ధతిగా ఒక టీమ్ పెట్టుకుందామని చందాలు ఎత్తితే 9 వేలు వచ్చి ఆగిపోయాయి. గవర్నమెంట్ ఇలాంటి వాటికి డబ్బులిస్తుందా? ఎవర్ని అడగాలి?
- ఒక పాఠకుడు, బూర్గంపాడు మండలం

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట, ఆ 9 వేలు పెట్టి జాకెట్లు కొనకముందే 280 రూపాయలు పక్కన తీయండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకి మనిషికి ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి 2 లక్షలు వస్తాయి, బ్యాంకు ఖాతా ఉంటే చాలు, జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క కాబట్టి వరదల సీజన్‌కి సరిగ్గా ముందే మొదలవుతుంది. వేరేవాళ్లని కాపాడ్డానికి దిగిన కుర్రాడి ఇల్లు రోడ్డున పడకూడదు, నాకు ఇదే అన్నిటికన్నా ముందు.

ఇక గవర్నమెంట్ డబ్బు సంగతి. ఉంది. కేంద్రం 2016లో ఆపద మిత్ర అని మొదలుపెట్టింది, వరదలొచ్చే 30 జిల్లాల్లో 6 వేల మందికి ట్రైనింగ్. తర్వాత దాన్ని 350 జిల్లాలకి పెంచి లక్ష మంది అన్నారు, బడ్జెట్ సుమారు 369 కోట్లు. అంటే సగటున మనిషికి 37 వేల దాకా పడుతుంది, అందులోనే 12 రోజుల ట్రైనింగు, లైఫ్ జాకెట్, టార్చి, హెల్మెట్, ఫస్ట్ ఎయిడ్ ఉండే కిట్టు, మూడేళ్ల ఇన్సూరెన్సు అన్నీ. ఈ లెక్కన మీ 14 మందికి 5 లక్షలు పైనే, అది ఊరి చందాలతో అయ్యే పని కాదు, చందాలు ఆగిపోయాయని ఊరివాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఈ మధ్య యువ ఆపద మిత్ర అని దాదాపు 470 కోట్లతో ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ లాంటి వాటిలో ఉన్న 2.37 లక్షల మందికి ట్రైనింగ్ పెట్టారు, మీలో కాలేజీలో చదివేవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడ కనుక్కోమనండి.

రాష్ట్రం దగ్గర కూడా ఉంది. 15వ ఫైనాన్స్ కమిషన్ 2021-26కి రాష్ట్రాల విపత్తు నిధుల్లో 10 శాతం ముందస్తు సన్నద్ధతకీ ట్రైనింగులకీ అని విడిగా రాసింది, సహాయ చర్యలకి 40 శాతం, మళ్లీ కట్టుకోడానికి 30, ముప్పు తగ్గించే పనులకి 20. నన్నడిగితే ఆ 10 చాలా తక్కువ, మనిషి మునిగాక ఖర్చుపెట్టేదానికన్నా మునగకుండా పెట్టేది ఎక్కువుండాలి. ఉన్న ఆ 10 శాతం కూడా అడిగేవాళ్లు లేక మన ఊళ్ల దాకా రాకపోతే ఇంకా బాధ.

అడగాల్సింది కలెక్టర్‌ని, ఎందుకంటే 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి ఆయనే ఛైర్మన్, జిల్లా ప్లాన్‌ని ఏటా సరిచూడాలని కూడా అదే చట్టంలో ఉంది. గ్రామసభలో తీర్మానం చేయించి, పంచాయతీ కార్యదర్శి సంతకంతో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి, ఫిబ్రవరి మార్చిలోనే ఇవ్వండి, జూలైలో వెళ్తే ఆఫీసులో అందరూ పునరావాస కేంద్రాల పనిలో ఉంటారు మీ కాగితం చూసేవాళ్లు ఉండరు. కాగితంలో ఊరికే డబ్బులు కావాలి అని రాయకండి. ఎంతమంది, ఎవరికి ఈత వచ్చు, ఊళ్లో పడవలెన్ని, మీ టీమ్ పేరు జిల్లా ప్లాన్‌లో ఎక్కించాలి, ట్రైనింగు, ఏటా ఒక రిఫ్రెషర్, ఇన్సూరెన్సు, ఇలా వరసగా రాయండి. చాలామంది కిట్టు దగ్గర ఆగిపోతారు, కిట్టు రెండేళ్లలో బీరువాలో మూలపడుతుంది, ఏటా ప్రాక్టీస్ ఉంటేనే పనికొస్తుంది.

కంపెనీల సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే డబ్బు, అది కూడా మర్చిపోకండి. ఆ డబ్బు దేనికి పెట్టొచ్చో కంపెనీల చట్టంలో ఉన్న జాబితాలో విపత్తు నిర్వహణ కూడా ఉంది, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది, మీ మండలంలోనే సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు ఉంది కదా, అదే తీర్మానం కాపీ పట్టుకుని అక్కడా అడగండి.

డబ్బు వచ్చేలోపు పైసా ఖర్చులేని పని ఒకటుంది. 1986లో 75.6 అడుగులు చూసిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉండే ఉంటారు, వాళ్లని కూర్చోబెట్టి మొదటి హెచ్చరిక 43 అడుగులకి ఎక్కడిదాకా నీళ్లొస్తాయి, రెండోది 48కి ఏ బజారు, మూడోది 53కి ఏ ఇళ్లు అని రాసుకోండి, ఆ ఇళ్లలో మంచం దిగలేనివాళ్లు, గర్భిణులు ఎవరున్నారో పక్కనే రాయండి. కలెక్టర్‌కి ఇచ్చే కాగితానికి ఈ లిస్టు కూడా జత చేయండి. ట్రైనింగ్ అయ్యేదాకా మాత్రం ప్రవాహంలోకి దిగొద్దు తమ్ముడూ, అప్పటిదాకా గట్టుమీద పనే చూసుకోండి.