50 లక్షల ప్యాకేజీ అంటే నెలకు చేతికొచ్చేది ఎంత?

ఏడాది మధ్యలో ఉద్యోగం మారుతున్నాను, హైదరాబాద్‌లో 50 లక్షల సీటీసీతో (అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఆఫర్ వచ్చింది, నెలకు 4 లక్షలు పడతాయా అని అడిగారు. పడవండీ. నాదీ అదే అంకె. మొదటి జీతం మెసేజ్ చూసి, సగం నెలకే వేశారేమో అనుకున్నా. తీరా చూస్తే అది పూర్తి నెల జీతమే!

నా ఆఫర్ లెటర్ ప్రకారమే, 2025-26 ఆదాయపు పన్ను శ్లాబులతో లెక్క చెప్తాను. 50 లక్షల్లో 5 లక్షలు వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది. అది ఏడాది చివర్లో, కంపెనీ బాగుండి మేనేజర్ చల్లగా చూస్తే వస్తుంది. బేసిక్ 20 లక్షలు. దానిమీద 12 శాతం కంపెనీ వాటా పీఎఫ్ 2.4 లక్షలు, ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ 96 వేలు కూడా సీటీసీలోనే కలిపేశారు. ఇవన్నీ పోను జీతమంటూ మిగిలింది 41.64 లక్షలు.

ఇప్పుడు పన్ను. జీతగాళ్లందరికీ ఇచ్చే మినహాయింపు, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 40.89 లక్షలు. కొత్త పన్ను విధానంలో మొదటి 24 లక్షలకు పన్ను 3 లక్షలు, ఆపైన రూపాయికి 30 పైసలు, మొత్తం పన్ను మీద 4 శాతం సెస్. అంతా కలిపి దాదాపు 8.39 లక్షలు. మన వాటా పీఎఫ్ ఇంకో 2.4 లక్షలు, వృత్తి పన్ను నెలకు 200. చివరికి ఖాతాలో పడేది నెలకు సుమారు 2.57 లక్షలు.

50 లక్షలను 12తో భాగిస్తే వచ్చే 4.17 లక్షలకూ దీనికీ తేడా 1.6 లక్షలు. అందరం పన్నునే తిట్టుకుంటాం గానీ అందులో పన్ను 70 వేలే. మిగతా 90 వేలు సీటీసీ గారడీ! అందులో పీఎఫ్ 40 వేలు మన డబ్బే అనుకోండి, ఎక్కడికీ పోదు. కానీ ఈఎంఐ కట్టడానికి పనికిరాదు. గ్రాట్యుటీ అయితే ఐదేళ్లు ఉంటేనే. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను నెలకు 1,800కే పరిమితం చేసుకోనిస్తాయి, చేరేటప్పుడే హెచ్‌ఆర్‌ని అడగండి.

పాత పన్ను విధానం మీ జీతానికి కలిసిరావాలంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం), ఇంటిలోను వడ్డీ, 80సి (పీఎఫ్, బీమా లాంటి పొదుపులు) లాంటి మినహాయింపులన్నీ కలిపి 8 లక్షలు దాటాలి. నాకు దాటలేదు.

ఏడాది మధ్యలో మారుతున్నారు కాబట్టి పాత కంపెనీ జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వడం మాత్రం మర్చిపోకండి. 2023 అక్టోబరులో ఉద్యోగం మారినప్పుడు నేను ఇవ్వలేదు. అందుకు ఫారం 12బి అని ఒకటుంటుందని కూడా తెలీదు. రెండు కంపెనీలవాళ్లూ ఎవరికి వారు సున్నా శ్లాబు నుంచి మొదలుపెట్టి టీడీఎస్ (జీతంలోంచే కోసే పన్ను) కోశారు. స్టాండర్డ్ డిడక్షన్ కూడా రెండుసార్లు ఇచ్చేశారు. ఆ ఆరు నెలలూ జీతం భలే వస్తోందని మురిసిపోయి కారు బుక్ చేశా. రిటర్న్ వేసే రోజున మూడు లక్షలకు పైగా బాకీ తేలింది, పన్ను సకాలంలో కట్టనందుకు 234బి, 234సి సెక్షన్ల కింద వడ్డీలు అదనం. మా బావమరిది దగ్గర అప్పు తీసుకుని కట్టాను. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా "ఏం బావా, ఈసారి ఫారం ఇచ్చావా?" అంటాడు.