మాత్ర మానకు చెల్లాయ్, సూదుల సంగతి నేను చెప్తాను

చెల్లాయ్,

నిన్న రాత్రి మరిదిగారు ఫోన్ చేశారు. రొమ్ము క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చిన లెట్రోజోల్ మాత్ర నువ్వు వారం రోజులుగా వేసుకోవడం లేదట, అడిగితే మొహం తిప్పేసుకుంటున్నావట. ఆయన గొంతులో టెన్షన్ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరేలే అక్కా" అని పెట్టేస్తావని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నొప్పులన్నీ నీ ఊహ అని నేనెందుకంటాను, అవి పడ్డదాన్ని. మాత్ర మొదలుపెట్టిన మూడో నెలకల్లా పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి, పాలగిన్నె దించాలంటే రెండు చేతులూ కావలసి వచ్చేది, కుక్కర్ మూత మీ బావగారు తీయాల్సిందే, మంచం దిగి మొదటి పదడుగులు వేస్తుంటే మడమల కింద గులకరాళ్ళు పోసినట్టుండేది. అందరూ వయసు మీద పడిందన్నారు. వయసు కాదది. మనిద్దరికీ వచ్చిన రొమ్ము గడ్డ ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తిని పెరిగే రకం. ముట్లుడిగాక కూడా ఒంట్లో కొవ్వులోంచీ అక్కడోచోటా ఇక్కడోచోటా కాస్త ఈస్ట్రోజన్ తయారవుతూనే ఉంటుంది, దాన్ని ఆపడమే ఈ మాత్ర పని. అది ఆగినప్పుడు కొందరికి కీళ్ళు బిగుస్తాయి, ఎముకలూ పలచబడతాయి. ఇది తట్టుకోలేక అయిదేళ్ళ మాత్రను మధ్యలోనే వదిలేసేవాళ్ళు చాలామంది ఉన్నారని మా డాక్టరమ్మ చెప్పింది. మాత్ర వదిలితే నొప్పి తగ్గొచ్చు, కానీ ఆ గడ్డకు మళ్ళీ తలుపు తీసినట్టే కదా.

నేను ఆక్యుపంక్చర్‌కి, అంటే ఒంట్లో కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చే వైద్యానికి వెళ్ళింది అందుకే, మాత్ర మానడానికి కాదు, మానకుండా ఉండడానికి. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకో, మిగతాదంతా వివరాలే.

నాలా పొరపాటు మాత్రం చేయకు. మొదట ఎవరో చెబితే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. నాడి పట్టుకుని చూశాడు, నా ఫైలు మాత్రం ముట్టుకోలేదు, "ఈ ఇంగ్లీషు మందులే విషం, ముందు అవన్నీ ఆపండి, సూది తన పని తను చేస్తుంది" అన్నాడు. నొప్పితో ఉన్నవాళ్ళకి అలాంటి మాట ఎంత తియ్యగా ఉంటుందో! పదకొండు రోజులు ఆపాను. పన్నెండో రోజు మా డాక్టరమ్మకి చెబితే ఆవిడ తిట్టిన తిట్లు మన అమ్మ కూడా ఎప్పుడూ తిట్టలేదు. తిట్టడం అయ్యాక ఆవిడే చెప్పింది, సూదులు వేయించుకోండి, అభ్యంతరం లేదు, దానికి ఆధారం కూడా ఉంది, కానీ రిపోర్టులు చదవడం వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి అని.

ఆ ఆధారం ఏమిటంటే, అమెరికాలో ఈ జాతి మాత్రలే వాడుతూ కీళ్ళ నొప్పులు పడుతున్న 226 మంది ఆడవాళ్ళ మీద ఒక పరీక్ష చేసి 2018లో ఫలితాలు వేశారు. కొందరికి అసలు సూదులు, కొందరికి ఉత్తుత్తి సూదులు, అంటే చోటు కాని చోట పైపైన గుచ్చడం, మిగతావాళ్ళకి ఏమీ లేదు. నొప్పికి పదికి ఎన్ని మార్కులు అని అడుగుతూ పోతే, ఆరు వారాలకి అసలు సూదులవాళ్ళకి దాదాపు రెండు మార్కులు తగ్గింది, మిగతా రెండు గుంపులకీ ఒకటి చొప్పున తగ్గింది. గమనించావా, ఏమీ చేయనివాళ్ళకి కూడా ఒక మార్కు తగ్గింది! అందుకని దీన్ని అద్భుతం అనుకోకు. నాకు ఏడు నుంచి నాలుగుకి వచ్చింది, అందులో సూది ఎంతో, సాయంత్రం నడక ఎంతో, ఎవరు చెప్పగలరు. నాలుగుతో మాత్ర వేసుకోగలను, ఏడుతో వేసుకోలేకపోయేదాన్ని. నాకు అది చాలు.

ఆ పరీక్షలో వాళ్ళు చేసిన లెక్కే నేను తర్వాత వెళ్ళిన సూదుల డాక్టరూ పెట్టాడు, ఆరు వారాలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత ఆరు వారాలు వారానికొకసారి. మొదటి నాలుగు సార్లకి నాకు ఏమీ తెలియలేదు, డబ్బు దండగ అని గొణుక్కున్నాను కూడా. అయిదో వారంలో ఓ పొద్దున కుక్కర్ మూత తీసేశాక గుర్తొచ్చింది, మీ బావగారిని పిలవలేదని.

సూదంటే నీకు చిన్నప్పటి నుంచీ భయం, తెలుసు. ఇది ఇంజక్షన్ సూది లాంటిది కాదు, లోపల బోలు ఉండదు, కాస్త మందపు వెంట్రుకంత ఉంటుంది, మందేమీ ఎక్కించరు. గుచ్చినప్పుడు చీమ కుట్టినంత, తర్వాత అక్కడ బరువుగా, లోపల్నించి ఎవరో లాగుతున్నట్టు ఉంటుంది, అలా అనిపించాలనే వాళ్ళు చూస్తారు. ఇరవై నిమిషాలో అరగంటో పడుకోవాలి, నేను రెండోసారికే గురక పెట్టానట. ఖాళీ కడుపుతో వెళ్ళకు, కళ్ళు తిరుగుతాయి. ఇడ్లీయో ఏదో తిని వెళ్ళు, మోకాలి దాకా, మోచేతి దాకా సులువుగా మడిచే బట్టలు వేసుకో.

ఇక జాగ్రత్తలు. నీకు చంకలో గ్రంథులు తీసిన చేతికి సూది వద్దని ముందే చెప్పు, బీపీ కూడా ఆ చేతికి చూడనివ్వం కదా, అలాగే. సూదుల ప్యాకెట్ నీ కళ్ళ ముందు చింపాలి, వాడినవి డబ్బాలో పారేయాలి. తెల్లకణాలు బాగా తగ్గి ఉన్నా, ప్లేట్‌లెట్లు 50 వేల కిందికి పడినా డాక్టరమ్మ ఒప్పుకోకుండా సూది మాట ఎత్తకు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి. కొందరు గుచ్చిన సూదులకు సన్నగా కరెంటు పెడతారు, గుండెకి పేస్‌మేకర్ యంత్రం ఉన్నవాళ్ళకి అలా పెట్టకూడదు, నీకు లేదులే, మరిదిగారు తన నడుము నొప్పికి కూడా వస్తానంటే గుర్తుంటుందని రాశాను. ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది, అరుదే అనుకో, అయినా చదువుకున్న చెయ్యే కావాలనడానికి ఇది చాలదా. కీమో వల్ల నీ అరికాళ్ళకి స్పర్శ తగ్గింది కదా, అక్కడ వేడి కాపడం పెడతామంటే వద్దను, కాలినా తెలియదు. చివర్లో పొడుల పొట్లం చేతిలో పెడితే తీసుకోకు, ఏం కలిపారో మనకి తెలియదు.

మన దేశానికి ఈ వైద్యం కొత్తదేమీ కాదు. 1938లో యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి వైద్యం చేయడానికి డాక్టర్ కోట్నీస్‌తో చైనా వెళ్ళిన మన డాక్టర్ల బృందంలో డాక్టర్ బసు అని ఒకాయన ఉన్నారు, ఆయన తర్వాత మళ్ళీ అక్కడికి వెళ్ళి నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. 2019లో కేంద్ర ప్రభుత్వం దీన్ని ఒక వైద్య విధానంగా గుర్తించింది కూడా. గుర్తించింది కదా అని బోర్డు పెట్టిన ప్రతివాడూ డాక్టరైపోడు. ఎంబీబీఎస్ చేసి ఇది నేర్చుకున్నవాళ్ళో, ప్రకృతి వైద్యంలో డిగ్రీ చేసినవాళ్ళో చూసుకో. నీ ఫైలు అడగనివాడి దగ్గర కుర్చీలో కూర్చోను కూడా కూర్చోకు.

అదీ పడకపోతే ఇంకా దారులున్నాయి. ఇదే జాతి మాత్రలు వేరేవి ఉన్నాయి, ఒకటి పడనివాళ్ళకి డాక్టర్లు ఇంకొకటి మార్చి చూస్తారు. విటమిన్ డి ఎంతుందో, ఎముకల బలం ఎలా ఉందో పరీక్ష చేయించమని అడుగు. నడక మాత్రం ఇవాళే మొదలుపెట్టు, మొదటి పదడుగులు ఏడిపిస్తాయి, ఇరవయ్యో అడుగుకి తేలికవుతుంది.

ఒక పాత నోట్ పుస్తకం తీసి రోజూ పొద్దున లేవగానే నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాయి, ఏ కీలో కూడా రాయి. సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం చూపించు, మాత్ర వారం ఆపానని దాచకుండా చెప్పు, తిడుతుంది, పడు. సూదుల సంగతి అప్పుడు అడుగు. ఈలోగా మాత్ర ఈ రాత్రే మళ్ళీ మొదలుపెట్టు, పోయిన వారానివన్నీ కలిపి వేసుకోకు, ఒకటే. వేసుకున్నాక నాకో మెసేజ్ పెట్టు, ఎంత పొద్దుపోయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

పెద్దక్క