టెక్ సందేహాలు: ముల్లు ఆగింది సరే, అంకెలు కూడా ఆగాయా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చాలావరకు ఫోన్ల గురించే ఉంటాయి. స్టోరేజీ నిండింది, బ్యాటరీ ఉబ్బింది, వాట్సాప్ బ్యాకప్ పోయింది. ఈసారి తెనాలి నుంచి వచ్చిన ప్రశ్నలో చిప్పు లేదు, చార్జింగూ లేదు. చదవగానే చెయ్యి దురద పుట్టింది. అందుకే దానికే ఎక్కువ చోటిచ్చాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న (తెనాలి): మాది 1998 మారుతి 800, నాన్నగారు కొన్న కారు. ఆరేడు నెలలుగా బండి 30 దాటితే స్పీడోమీటరు ముల్లు వణికేది, డాష్‌బోర్డులోంచి టిక్ టిక్ మని చప్పుడొచ్చేది. పోయిన వారం ముల్లు సున్నా మీద పడుకుంది, మళ్లీ లేవలేదు. ఆర్సీ రెన్యువల్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. మెకానిక్ మీటరు మొత్తం మార్చాలంటున్నాడు. అంత అవసరమా? నేనే ఏమైనా చేసుకోగలనా?

జవాబు: మీటరు ఇప్పుడే కొనకండి. ముందు మీరు రాయని సంగతి ఒకటి చూడండి. కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయా, అవి కూడా ఆగాయా?

మీ కారులో వేగం కొలిచే పనికి బ్యాటరీ కరెంటుతో సంబంధమే లేదు. గేర్‌బాక్సులో రెండు చక్రాలకూ తిరుగుడును పంచే డిఫరెన్షియల్ దగ్గర ఒక చిన్న గేరు ఉంటుంది. బండి కదిలితే అది తిరుగుతుంది. దానికి తగిలించిన ఉక్కు తీగ నల్లటి గొట్టంలో తిరుగుతూ ఆ తిరుగుడును డాష్‌బోర్డు దాకా మోసుకొస్తుంది. ఆ తీగను ఇన్నర్ అంటారు, గొట్టాన్ని ఔటర్ అంటారు, రెండూ కలిపితే కేబుల్. జపాన్ ప్రమాణం ప్రకారం చేసిన మీటర్లకు నిమిషానికి 637 చుట్లంటే గంటకు 60 కిలోమీటర్లు. అంటే ఆ తీగ సెకనుకు పది పైచిలుకు చుట్లు తిరుగుతుందన్నమాట. పాతికేళ్లు అలా తిరిగిన తీగ అరిగిందంటే దాన్ని తప్పుపట్టలేం.

మీటరులో ఇంకో తమాషా ఉంది. తీగ వచ్చి ముల్లును తిప్పదు, చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ తగలకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి ప్రవాహాలు (సుళ్లు తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు) పుట్టి గిన్నెను తమతో లాక్కుపోవాలని చూస్తాయి, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెండింటి పెనుగులాట ఎక్కడ తేలితే ముల్లు అక్కడ నిలుస్తుంది. జర్మనీకి చెందిన ఓటో షుల్జ్ 1902లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. కిలోమీటర్ల అంకెలను మాత్రం అయస్కాంతం బిగించిన ఇరుసే పళ్ల చక్రాలతో నేరుగా తిప్పుతుంది.

అందుకే అంకెల గురించి అడిగాను. ముల్లూ అంకెలూ రెండూ ఆగితే తిరుగుడు మీటరు దాకా రావడం లేదు. తప్పు కేబుల్‌ది, లేదా కింది గేరుది. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే చచ్చుబడితే కేబుల్‌కు ఏమీ కాలేదు, మీటరే పోయింది. ముల్లు లేస్తూ అంకెలు ఆగితే మీటరు లోపలి పళ్ల చక్రం పగిలి ఉంటుంది. మీ బండి ఆరు నెలలు వణికి, టిక్ టిక్ మని అరిచి మరీ ఆగింది. అంకెలూ ఆగాయంటే నా అనుమానమంతా కేబుల్ మీదే. అది కొన్ని వందల రూపాయల వస్తువు. విజయవాడ ఆటోనగర్ మీకు దగ్గరే, అక్కడ దొరకడం కష్టం కాదు.

కొనేముందు విప్పి చూడండి. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి, లేకపోతే మీటరు వెనక స్క్రూడ్రైవర్ జారితే ఫ్యూజు ఎగిరిపోతుంది. మీటరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం స్క్రూలు, తర్వాత మీటరు స్క్రూలు తీసి మీ వైపు కొద్దిగా లాగండి. రానని మొండికేస్తే బలవంతం చేయొద్దు. వెనక కేబుల్ పట్టి ఉంచుతోందన్నమాట. బానెట్ వైపు నుంచి ఇంకొకరు కేబుల్‌ను కొంచెం లోపలికి తోస్తే మీటరు చెయ్యి దూరేంత ముందుకొస్తుంది. కేబుల్ కొస నొక్కి లాగే రకమైతే పక్కనున్న నాలుకను నొక్కాలి. నట్టు రకమైతే చేత్తోనే విప్పాలి. పానా పెడితే మరలు పోతాయి.

ఇప్పుడు లైటు వేసి కేబుల్ కొసను చూడండి. ఇన్నర్ చివర నలుచదరంగా ఉండాలి, అంచులు గోటికి తగలాలి. అరిగితే గుండ్రంగా, సబ్బుముక్కలా నున్నగా తేలుతుంది. మీటరు గుంటలో అది తిరుగుతుంది గానీ దేన్నీ తిప్పదు. రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. లోపల తెగి ఉంటే సగం ముక్క చేతికొచ్చేస్తుంది. తెగినచోట తీగలు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉంటాయి. వేలికి గుచ్చుకుంటాయి, గుడ్డతో పట్టుకోండి.

ముక్క చేతికి రాలేదా? వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు చక్రం ఒకదాన్ని జాకీతో లేపండి. బండి కిందికి మాత్రం దూరొద్దు. చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే లోపల కూర్చున్నవాళ్లు కేబుల్ కొసను చూడాలి. కొస తిరిగితే కేబుల్ బాగున్నట్టు, మీ మెకానిక్ చెప్పిందే నిజం. తిరగకపోతే కేబుల్ కింది కొసను కూడా ఊడదీసి చూడండి. ఇన్నర్ తెగకుండా, కొస అరగకుండా ఉంటే గేరును అనుమానించాలి. ఈ పరీక్షకు ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. ఒక చక్రం గాల్లో, ఒకటి నేల మీద ఉన్న బండిని గేరులో వేయడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఇక మార్చడం. పాత కేబుల్ లాగేముందు దాని పై కొసకు బారెడు పురికొస కట్టండి. గేర్‌బాక్సు దగ్గర రబ్బరు బూటు పైకి జరిపితే క్లిప్పో నట్టో కనబడుతుంది. అది తీసి కేబుల్‌ను ఇంజన్ వైపుకు లాగితే వెనకాలే పురికొస వస్తుంది. కొత్త కేబుల్‌ను ఆ పురికొసకే కట్టి లోపలికి లాక్కుంటే దారి వెతుక్కునే పని తప్పుతుంది. ఇంజనుకూ క్యాబినుకూ మధ్య రేకులో ఉన్న రబ్బరు వాషరు మళ్లీ సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే వానాకాలం మీ కాళ్ల దగ్గర నీళ్లుంటాయి.

అంతకంటే ముందు పాతదీ కొత్తదీ నేల మీద పక్కపక్కన పరిచి పొడవు, రెండు కొసలు పోల్చుకోండి. ‘మారుతిదే’ అని షాపతను ఇచ్చేది ఓమ్నీది కూడా కావచ్చు. పొడవు తక్కువైతే ఎక్కడో లాగిపట్టుకుంటుంది, ఎక్కువైతే ఎక్కడో మెలిక పడుతుంది. మెలిక పడ్డ కేబులే మొదట ముల్లును వణికిస్తుంది. ఆరు అంగుళాల సగవ్యాసం కంటే ఇరుకు వంపు ఎక్కడా రానివ్వొద్దు. సైలెన్సర్ వేడికి, క్లచ్ కేబుల్ కదలికకు దూరంగా పోనివ్వండి.

గ్రీజు సంగతి నా అనుభవం మీదే చెప్పాలి. కాలేజీ రోజుల్లో మా బాబాయి పద్మిని కారు కేబుల్‌కు ఆ కొస నుంచి ఈ కొస దాకా దిట్టంగా గ్రీజు పట్టించాను. రెండు నెలలకు మీటరు అద్దం లోపల నూనె మబ్బు పట్టింది, ముల్లు బద్ధకంగా లేవడం మొదలుపెట్టింది. తిరిగే తీగ మర బిగించినట్టు గ్రీజును పైకి తోడేస్తుందని అప్పటికి నాకు తెలియదు. బాబాయి ఏమీ అనలేదు గానీ తర్వాత తాళాలు కూడా ఇవ్వలేదు. కాబట్టి కింది మూడింట రెండు వంతులకే పలచగా రాయండి. మీటరు వైపు జానెడు పొడిగా వదిలెయ్యండి. ఇంజన్ ఆయిల్ పనికిరాదు, పలచటి స్ప్రేలు నెలలోపే ఆరిపోతాయి.

పాత ఔటర్ లోపల గ్రీజు బదులు పలచటి నూనె కారుతూ, గేర్ ఆయిల్ వాసన వస్తుంటే కింద సీల్ పోయినట్టు. అది మార్చకుండా కొత్త కేబుల్ వేస్తే ఆ నూనె మళ్లీ మీటరు దాకా పాకుతుంది.

బిగించేముందు ఇంకొక్క పని, చాలామంది వదిలేసేది ఇదే. పాత ఇన్నర్ పై ముక్కలో నలుచదరపు కొస బాగుంటే మీటరు గుంటలో పెట్టి వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బిగుసుకుని ఉంటే మీ కేబుల్ తెగింది వయసు వల్ల కాదు, మీటరు ఇరుసు పట్టేయడం వల్ల. కొత్తది కూడా అలాగే తెగుతుంది. ఇరుసు మొదట్లో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి కాసేపాగి తిప్పి చూడండి. అప్పటికీ కదలకపోతే మీటరు బాగుచేసేవాళ్ల దగ్గరికే. ముక్కను డ్రిల్ మిషనుకు పెట్టి నెమ్మదిగా తిప్పితే ముల్లు లేచే తమాషా కూడా చూడొచ్చు. దిశ తప్పితే ముల్లు సున్నా కిందికి నొక్కుకుంటుంది, అప్పుడు వెంటనే ఆపండి. ఒకప్పుడు సెకండ్ హ్యాండ్ బళ్ల కిలోమీటర్లను ‘తగ్గించింది’ కూడా ఈ డ్రిల్ విద్యతోనే. పాత కారు కొనేవాళ్లు మీటరు స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నాయేమో చూడటం అందుకే.

కేబుల్ కొస గుంటలో కూర్చోకపోతే నట్టుతో నొక్కి బిగించొద్దు. చక్రాన్ని కొంచెం తిప్పితే అదే సర్దుకుని లోపలికి దిగుతుంది. చట్రం స్క్రూలన్నీ బిగించకముందే వీధి చివరిదాకా ఒకసారి పోయి రండి. ముల్లు వణక్కుండా లేస్తే అప్పుడు బిగించండి.

పనిచేసే స్పీడోమీటరు ఉండాలన్నది 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. 15 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ అంటే బండిని చూపించాలి కాబట్టి ముందే చేయించుకోండి. ఇంకో మాట, అంకెలూ ఆగి ఉంటే అప్పటి నుంచి మీరు తిరిగిన దూరం లెక్కలో లేదు. ఇంజన్ ఆయిల్ ఈసారి అంకెలు చూసి కాదు, తేదీ చూసి మార్పించండి.

ప్రశ్న (హైదరాబాద్): ఔటర్ రింగ్ రోడ్డు మీద నా కారు మీటరు 80 చూపిస్తుంటే ఫోన్‌లోని జీపీఎస్ యాప్ 73 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: తిన్నని రోడ్డు మీద, పైన ఆకాశం కనబడుతూ ఉంటే ఫోన్‌నే నమ్మండి. మీటరు చెడిపోలేదు, దాన్ని అలాగే చేస్తారు. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించనే కూడదు. ఎక్కువ చూపించొచ్చు, అసలు వేగంలో పదో వంతుకు 4 కలిపినంత దాకా. 73కు ఆ లెక్కన 84 వరకూ తప్పులేదు. టైర్లు అరిగితే తేడా ఇంకాస్త పెరుగుతుంది. చక్రం చిన్నదై అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కదా. ఫ్లైఓవర్ల కిందా మెట్రో లైను కిందా మాత్రం యాప్ అంకెలు గెంతులేస్తాయి, అక్కడ మీటరే నయం.

ప్రశ్న (ఖమ్మం): పాత బైకు. మీటర్ కేబుల్ మూడు నెలలకోసారి తెగుతోంది. కంపెనీ కేబుల్ వేసినా అంతే.

జవాబు: కేబుల్ మార్చడం ఆపి మొదట ముందు చక్రం విప్పించండి. బైకుల్లో చాలావాటికి కేబుల్‌ను తిప్పే గేరు ఆ చక్రం మధ్యలోని హబ్ పక్కనే ఉంటుంది. అందులోకి నీళ్లూ మట్టీ దూరి గ్రీజు గట్టిపడితే గేరు పట్టేస్తుంది, కేబుల్ తెగుతుంది. శుభ్రం చేసి కొత్త గ్రీజు పెట్టించండి. చక్రం బిగించేటప్పుడు గేరు నాలుకలు హబ్ గాడిలో కూర్చున్నాయో లేదో దగ్గరుండి చూసుకోండి. తర్వాత హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. కేబుల్ ఎక్కడా బిగుసుకోకూడదు.