నెల జీతమా, జర్మనీ కాంట్రాక్టా?

ప్రశ్న: మాది బరంపురం. వయసు 34. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. చేరి నాలుగేళ్ల ఏడు నెలలైంది. చేతికి 92,000 వస్తుంది, అందులో బేసిక్ 42,000. నా భార్య ఇక్కడే ప్రైవేటు బడిలో టీచరు, జీతం 14,000. ఆరేళ్ల పాప ఉంది. అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. అమ్మకు షుగరు. నాన్న ముప్పై ఏళ్లు పట్టు మగ్గం నేశారు. నెల ఖర్చుల పట్టిక జత చేశాను. బ్యాంకులో 3,40,000 ఉన్నాయి. ఇప్పుడు బెంగళూరు నుంచి 1,35,000 జీతానికి పిలుపు వచ్చింది, ఆఫీసుకు వెళ్లి చేయాలి. జర్మనీ సంస్థ ఒకటి నెలకు మన డబ్బులో సుమారు 1,80,000 ఇస్తామంటోంది, ఆరు నెలల కాంట్రాక్టు. ఏది మేలు? విశాఖలో, భువనేశ్వర్‌లో డెవలపర్ల మీటప్‌లు జరిపించే బాధ్యత కూడా నాదే. దాని మీద ఇంట్లో గొడవ. మానేయాలా?

జవాబు: బెంగళూరు సంగతి ముందు తేల్చేద్దాం, అది సులువు. జీతంలో తేడా 43,000. కుటుంబమంతా తరలితే మీ భార్య ఉద్యోగం పోతుంది కాబట్టి 14,000 తీసేయండి. మిగిలిన 29,000 అక్కడి ఇంటి అద్దెకూ పాప బడికీ సరిపోతే గొప్ప. మీరొక్కరే వెళ్తే రెండు సంసారాలు. పెద్ద టీములో పని నేర్చుకోవాలన్న కోరికతో వెళ్తానంటే కాదనను. డబ్బు కోసమైతే వద్దు.

ఇక జర్మనీ. 1,80,000ని 92,000 పక్కన పెట్టి చూశారు, పొరపాటు అక్కడే జరిగింది. జీతం పన్నెండు నెలలూ వస్తుంది. కాంట్రాక్టు ముగిసి ఇంకొకటి దొరికేలోపు ఖాళీ ఉంటుంది. జ్వరం వస్తే ఆ వారం డబ్బు రాదు. క్రిస్మస్‌కు వాళ్లు సెలవు పెడితే మీకూ సెలవే, జీతం లేని సెలవు. నేనైతే ఏడాదికి తొమ్మిది నెలల పనే లెక్కేస్తాను. అంటే 16,20,000, నెలకు 1,35,000. అందులోంచి ఇప్పుడు కంపెనీ మోస్తున్నవన్నీ మీరు మోయాలి. ఆరోగ్య బీమాకు 7,000, పీఎఫ్ బదులు దాచుకోవడానికి 10,000, ల్యాప్‌టాప్, ఇన్వర్టరు, రెండో ఇంటర్నెట్ కనెక్షన్‌కు నెలసరి 5,000, ఆడిటరుకు 1,000 అనుకుందాం. మిగిలేది 1,12,000. ఇప్పటి జీతం కంటే 20,000 ఎక్కువ. మీరు ఊహించుకున్న 88,000 కాదు.

రెండో కనెక్షన్, ఇన్వర్టరు విలాసాలు అనుకోకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది మీ గోపాలపూర్ దగ్గరే. 2018 అక్టోబరులో తిత్లీ ఇటు పలాస వైపు వచ్చింది. కరెంటు ఎన్నాళ్లకు వచ్చిందో మీ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. మీరు అక్టోబరును ఆదాయం లేని నెలగా రాసిపెట్టుకున్నా తప్పు లేదు.

పన్ను మాత్రం మీకు కలిసి వస్తుంది. పాత ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏగా పేరుపడ్డ పద్ధతి ఒకటుంది. ఐటీ నిపుణులూ దాని కిందికి వస్తారు. డబ్బంతా బ్యాంకు ద్వారానే వస్తుంది కాబట్టి ఏడాది రాబడి 75 లక్షల దాకా ఆ పద్ధతి వాడుకోవచ్చు. వచ్చిన దానిలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల పుస్తకాలు రాయనక్కర్లేదు. మీ 16,20,000లో సగం 8,10,000. కొత్త పన్ను విధానంలో 2025–26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి పన్ను పడదు. ఉద్యోగం వదిలిన ఏడాది జీతం కూడా ఇందులో కలుస్తుంది, అది మరిచిపోకండి. ఆ ఏడాది పన్ను పడితే మార్చి 15లోగా ముందస్తుగా కట్టాలి. సేవలు అందించేవారికి జీఎస్టీ నమోదు ఏడాదికి 20 లక్షలు దాటితేనే తప్పనిసరి, విదేశం నుంచి వచ్చేదీ ఆ లెక్కలోకే వస్తుంది. రెండో క్లయింటు దొరికి అది దాటితే నమోదు చేసుకుని, ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయండి. విదేశానికి చేసిన పనికి పన్ను కట్టకుండానే బిల్లు ఇవ్వవచ్చు.

అయితే రేపే రాజీనామా ఇవ్వకండి. మీ ఉద్యోగానికి ఐదేళ్లు నిండటానికి ఐదు నెలలే ఉంది. నిండితే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, వస్తుంది: 42,000ని 26తో భాగించి, 15తో, మళ్లీ ఐదుతో గుణించండి, తక్కువలో తక్కువ 1,21,000. ఈ ఐదు నెలల్లో కాంట్రాక్టు వల్ల అదనంగా వచ్చేది లక్షే. మీ నోటీసు గడువు ఎంతో రాయలేదు. రెండు నెలలైతే, మూడు నెలలాగి రాజీనామా ఇచ్చి, ఐదేళ్లు నిండిన తర్వాతి తేదీనే చివరి పనిరోజుగా రాయించుకోండి. ఐదు నెలలు ఆగమంటే ఆగని క్లయింటు రేపు డబ్బు చెల్లించడంలో మాత్రం నిదానంగా ఉంటాడు, నా అనుభవం అది.

ఈలోగా అమ్మగారి బీమా చూడండి. ఉద్యోగం పోతే కంపెనీ పాలసీ కూడా పోతుంది. కొత్తగా తీసుకుంటే షుగరు లాంటి పాత జబ్బుకు మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టవచ్చు. అందుకే చివరి రోజుకు ముందే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారతానని రాతపూర్వకంగా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు, అంత మేరకు భారం తగ్గింది.

ఇప్పుడు మీ పట్టిక. ఈఎంఐ 18,500, ఇంటి ఖర్చు 27,000, అమ్మానాన్నల మందులు 4,500, పాప బడి, బస్సు 5,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 10,000, మీటప్‌లు 6,000. మొత్తం 71,000. ఇద్దరి రాబడి 1,06,000. మిగతా 35,000 ఎక్కడికి పోతోంది? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎక్కడా కనిపించలేదు. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, మీ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాడని డొమైన్ల రెన్యువళ్లు, సర్వర్ల అద్దెలు, కొని తెరవని కోర్సులు బయటపడతాయని నా అనుమానం. కాంట్రాక్టు మనిషి చేతిలో తొమ్మిది నెలల ఖర్చు ఉండాలి. సిప్, మీటప్‌లు తీసేస్తే మీకు నెలకు కావలసింది 55,000, తొమ్మిది నెలలకు 4,95,000. బ్యాంకులోని 3,40,000 పోను తక్కువ పడేది 1,55,000. ఆ కనిపించని 35,000లో 30,000 పట్టుకుంటే ఐదు నెలల్లో 1,50,000 చేరుతుంది.

మీటప్‌ల దగ్గరికి వద్దాం. గొడవ డబ్బు గురించి కాదనుకుంటాను. మీ భార్య అన్న మాట మీరే రాశారు: “ఇంట్లోనే ఉంటారు, కానీ ఇంట్లో ఉండరు.” ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. వారమంతా తలుపు వేసుకుని పని, ఆదివారం తెల్లవారుజామున విశాఖ రైలు. అలాగని మానేయమని నేను చెప్పను. జర్మనీ వాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది మీరు ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునే కోడ్‌లో, సరిచేసిన ఒక తప్పును చూసి అని, ఉత్తరం చివర ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. దుకాణానికి బోర్డు ఎలాగో మీకు ఆ పని అలాగ. కానీ ఆ తప్పు సరిచేసింది మీ గదిలో కూర్చుని. భువనేశ్వర్‌లో బ్యానరుకూ నలభై మంది సమోసాలకూ టీకీ మీ జేబులోంచి పెట్టిన 3,850 ఏ క్లయింటునూ తేలేదు. వచ్చినవాళ్ల దగ్గర మనిషికి వంద తీసుకోండి, ఎవరూ నొచ్చుకోరు. నేనూ ఒకప్పుడు పొదుపు పాఠాలు ఉచితంగా చెబుతూ హాలు అద్దె సొంతంగా కట్టుకున్నాను. రుసుము పెట్టాక జనం తగ్గలేదు, పైగా వేళకు వచ్చారు. మీటప్ డబ్బుకు వేరే ఖాతా తెరిచి నెలకు 3,000 వేయండి, అది అయిపోతే ఆ నెల ప్రయాణం లేదు. రెండు నెలలకు ఒక్క ఆదివారమే వెళ్లండి, ఆ తేదీలు మీ భార్యనే గుర్తుపెట్టమనండి.

ఇంకొకటి. నాన్నగారు “ఇంట్లో కూర్చుని చేసేదీ ఒక ఉద్యోగమేనా” అంటారని చిన్నబుచ్చుకున్నారు. ఆయనకు జీవితంలో నెల జీతమన్నది లేదు. షావుకారు నూలిచ్చి, కొంత బయానా ఇచ్చి, చీర తెచ్చాక లెక్క కట్టేవాడు. పెళ్లిళ్ల కాలంలో చేతినిండా పని, ఆషాఢంలో ఖాళీ మగ్గం. బరంపురం పట్టుచీరకు పేరు తెచ్చిన ఫొడా కుంభ అంచు నేసి మిమ్మల్ని చదివించిన మనిషికి కాంట్రాక్టు బతుకు మీకంటే బాగా తెలుసు. ఖాళీ నెలలు ఎలా గడిపారో, బయానా లేకుండా ఎవరి పని ఒప్పుకోలేదో ఆయన్నే అడగండి. అడిగి వచ్చి, జర్మనీ ఒప్పందంలో రెండు షరతులు రాయించండి: మొదటి నెల డబ్బులో సగం ముందే, ఆపదలచుకుంటే ముప్పై రోజుల ముందు చెప్పాలి.