కొత్త ఇంటి వంటగది పని ఎవరికి ఇవ్వాలి? మా తెనాలి ఇంటి అనుభవం

రాజమహేంద్రవరంలో మీ ఇల్లు పూర్తికావస్తోందని, మాడ్యులర్ కిచెన్‌కు (విడివిడి పెట్టెలుగా చేసి గట్టు కింద బిగించే అరలకు) మూడు చోట్ల ధర అడిగారని, పని ఎవరికి ఇవ్వాలో తేలడం లేదని రాశారు. పేరున్న షోరూము 4.6 లక్షలు చెప్పింది. ఊళ్ళోనే యంత్రాలు పెట్టుకుని చేసే వర్క్‌షాపు 3.1 లక్షలంది. తెలిసిన వడ్రంగి ఇంటి దగ్గరే కూర్చుని 2.4 లక్షల్లో చేసిపెడతానన్నాడు. 2021లో తెనాలిలో ఇల్లు కట్టుకున్నప్పుడు మేమూ ఈ ముగ్గురి మధ్యే ఊగిసలాడాం. ముందు షోరూముకు వెళ్ళి చేతులు కాల్చుకుని, చివరికి వర్క్‌షాపు దగ్గర తేలాం.

షోరూములో మమ్మల్ని పడగొట్టింది ఒక సొరుగు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంది. మా వారు దాన్ని నాలుగుసార్లు తెరిచి మూశారు, అయిదోసారికి 25 వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. ఆ మెత్తదనమంతా కింద బిగించిన చానల్‌దని, అంటే సొరుగు జారే లోహపు పట్టాదని తరువాత తెలిసింది. హెట్టిచ్, బ్లమ్, ఎబ్కో లాంటి కంపెనీల చానళ్ళూ బందులూ బజారులో దొరికేవే, ఎవరైనా కొని బిగించవచ్చు. మొదట మాకు చెప్పిన ధర 2,10,000. కొలతలు తీసుకుని వెళ్ళాక సొరుగుల్లో పెట్టే స్టీలు బుట్టలకూ చానళ్ళకూ 62,000, అటక తలుపులకు 28,000 వచ్చి చేరాయి. మొత్తం మూడు లక్షలు. దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 54,000. గ్రానైటు, సింకు, చిమ్నీ మళ్ళీ వేరు. పైగా టైల్సు అతికించకముందే కొలతలు తీశారు. వాళ్ళు గీసిన వంటగది బొమ్మలో మూల సొరుగు తెరిస్తే వెనక వరండా తలుపు చట్రానికి తగులుతోంది. అది చూపిస్తే మూడుసార్లు బొమ్మ మార్చారు, మూడుసార్లూ ధర పెరిగింది. 25 వేలకు నీళ్ళు వదులుకుని బయటపడ్డాం.

ధరలు పోల్చేటప్పుడు చదరపు అడుగు అనే మాటను నమ్మకండి. ఒకరు అడుగుకు 1,500 అన్నారు, ఇంకొకరు 480 అన్నారు. రెండో ఆయన చవక అనుకున్నాం. పది అడుగుల గట్టు కింద రెండున్నర అడుగుల ఎత్తు అరలంటే, ఎదురుగా నిలబడి కొలిస్తే 25 చదరపు అడుగులు. మొదటి ఆయన లెక్క అది, 37,500 అవుతుంది. రెండో ఆయన పెట్టెల పక్కలు, అడుగు, వెనక పలక, లోపలి అర, తలుపు అన్నీ విడివిడిగా కొలిచి దాదాపు 120 అడుగులు చేశాడు. అంటే 57,600. మీ మూడు కొటేషన్లనూ ఒకే కాగితం మీద పెట్టి, చివరి మొత్తంలో ఏవి ఉన్నాయో ఏవి లేవో గీత గీసి రాసుకోండి. వడ్రంగి చెప్పిన 2.4 లక్షల్లో ప్లైవుడ్ ఎవరు కొనాలో అడిగారా?

ఇక మేము వర్క్‌షాపును ఎలా ఎంచుకున్నామో చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది. వర్క్‌షాపు ఆయన ఫోనులో ఫొటోలు చూపించబోతే, మూడేళ్ళ క్రితం చేసిన వంటగదులు చూపించమని అడిగాను. కొత్తది ఎవరిదైనా మెరుస్తుంది. గుంటూరులో రెండు ఇళ్ళ చిరునామాలు ఇచ్చారు. వెళ్ళి, అక్కడి ఇల్లాలిని అడిగి నేరుగా సింకు కింద తలుపు తీసి చూశాను. మొదటి ఇంట్లో అంతా పొడిగా ఉంది. రెండో ఇంట్లో అడుగు పలక అంచు ఉబ్బి, పొర లేచింది. మా వారు అక్కడే నన్ను వెళ్ళిపోదామన్నట్టు చూశారు. ఆవిడ మాత్రం, "ఇది నిన్న మొన్నటి సంగతి, పైపు కారింది. పోయినసారి ఇలాగే అయితే ఫోను చేసిన వారానికి వచ్చి పలక మార్చి వెళ్ళాడు, రేపు మళ్ళీ వస్తానన్నాడు" అంది. నా మటుకు బేరం అక్కడే తేలిపోయింది. తడి తగిలే చోట ఎవరు చేసినా ఎప్పుడో ఒకప్పుడు ఉబ్బుతుంది. అప్పుడు ఫోను ఎత్తే మనిషి కావాలి. షోరూము వాళ్ళు పదేళ్ళ వారంటీ అన్నారు గానీ, చదివితే నీటి వల్ల జరిగే నష్టం అందులో లేదు. వంటగదిలో నీళ్ళు కాక ఇంకేమి ఉంటాయి?

మీరు కూడా అలా రెండు ఇళ్ళు చూడండి. ముక్కు కూడా వాడండి, మగ్గిన వాసన వస్తే వెనక గోడలో తడి ఉన్నట్టే. కొత్త ఇళ్ళకు ఈ బెడద ఎక్కువ. గోడ పూతలు పూర్తిగా ఆరకముందే పెట్టెలు ఆనించి బిగిస్తే వెనక పలకకు బూజు పడుతుంది. గోడకు అవతల స్నానాలగది ఉంటే మరీ జాగ్రత్త.

చెక్క సంగతి క్లుప్తంగా. సింకు పెట్టెకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ పట్టుబట్టి వేయించుకోండి, మిగతా పెట్టెలకు ఐఎస్ 303 లో మరిగే నీటిని తట్టుకునే రకం (బీడబ్ల్యూఆర్) చాలు. ముద్ర పలక మీద చూడండి, బిల్లులోనూ రాయించండి. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక) మాత్రం కింది పెట్టెలకు వద్దు. మన ఇళ్ళలో నేల కడుగుతాం, నీళ్ళు గట్టు కిందికి పోతాయి. అందుకే పెట్టెలు నేలకు ఆనకుండా నాలుగు అంగుళాల ప్లాస్టిక్ కాళ్ళ మీద నిలవాలి. నీళ్ళు పలకలోకి దూరేది కోసిన అంచుల నుంచే. వర్క్‌షాపులో ఆ అంచుకు యంత్రం మీద వేడి జిగురుతో పట్టీ అతికిస్తారు. ఇంటి దగ్గర చేత్తో అతికించింది ఇడ్లీ ఆవిరికే లేచి వస్తుంది. వడ్రంగి పనితనానికి వంక పెట్టను, మా ఇంటి తలుపులన్నీ వడ్రంగి చేసినవే. అంచు పట్టీ దగ్గర మాత్రం చేయి యంత్రానికి సాటి రాదు.

స్టీలు బుట్టల దగ్గర మేమూ మోసపోయాం. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని ఎవరో చెబితే నమ్మాం. చవకైన 202 రకమూ, తుప్పును బాగా తట్టుకునే 304 రకమూ రెండూ మామూలుగా అయస్కాంతానికి అంటుకోవు. ఏడాది తిరక్కుండా ఉప్పు డబ్బా పెట్టే బుట్టకు తుప్పు చుక్కలు వచ్చాయి. 304 అని బిల్లు మీద రాసి ఇవ్వమంటే ఇచ్చేవారి దగ్గరే కొనండి.

ఇంకో పరీక్ష ఉంది. వచ్చినవాడు మిమ్మల్ని ఏమి అడుగుతాడో గమనించండి. షోరూము అమ్మాయి ఏ రంగు ఇష్టమని అడిగింది. వర్క్‌షాపు ఆయన నన్ను గోడ పక్కన నిలబెట్టి ఎత్తు చూసి గట్టును 33 అంగుళాలకు తగ్గించాడు, గ్రైండరు ఎక్కడ పెడతారని అడిగి అక్కడ 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించమన్నాడు. ఆవకాయ జాడీల సంగతి మాత్రం ఆయనకూ తట్టలేదు, మా అత్తగారు అడిగారు. పళ్ళేలకూ కప్పులకూ బుట్టలు గీశారు గానీ జాడీ నిలబడే అర ఒక్కటీ లేదు. పాతిక కిలోల బియ్యం డబ్బా, ఇడ్లీ పాత్ర, పెద్ద కుక్కరు అన్నిటి ఎత్తూ కొలిచి కాగితం చేతికిచ్చాక బొమ్మ మారింది. సిలిండరు పెట్టే అరకు కింది భాగంలో గాలి పోయే సందులు తప్పక ఉంచమనండి. వంటగ్యాసు గాలి కంటే బరువు, కారితే అడుగునే పేరుకుంటుంది.

గృహప్రవేశం తేదీని మాత్రం వాళ్ళకు చెప్పకండి. ముహూర్తం తెలిస్తే ముందురోజు దాకా లాగి, మిగిలిన డబ్బు మొత్తం అడిగి, రెండు తలుపులు వంకరగా బిగించి వెళతారు. మా ఇంట్లో ఖాళీ గ్రానైటు గట్టు మీదే పాలు పొంగించాం, పెట్టెలు మూడు వారాల తరువాత వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు. డబ్బులో పది శాతమైనా అన్నీ బిగించి, వారం వాడి చూశాకే ఇస్తామని మొదటే రాసుకోండి.

మీ స్థానంలో నేనుంటే వర్క్‌షాపు వైపే మొగ్గుతాను, ఆయన చేసిన పాత ఇళ్ళు చూశాకే. అక్కడి వాళ్ళు ఫోను ఎత్తడని చెబితే షోరూముకే వెళ్ళండి, కాకపోతే టైల్సు అయ్యాక మళ్ళీ కొలవమనండి. పని అయిపోయాక తలుపుల మీద అతికించిన రంగు పొర, అంటే లామినేట్ షీటు నంబరు రాసిపెట్టుకుని, మిగిలిన ముక్క ఒకటి అటక మీద దాచుకోండి. పోయిన వేసవిలో మా సింకు తలుపు మార్చాల్సివచ్చినప్పుడు అదే రంగు దొరకడానికి ఆ ముక్కే పనికొచ్చింది.